అత్తగారుకాట్ కోడలు

బుధవారం పొద్దున ఏడున్నరకి ఫ్లోరా వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సూళ్లూరుపేటలో బస్సెక్కాలి. నాయుడుపేటలో దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న మాల్యాద్రి డీటీపీ షాపులో పెన్‌డ్రైవు ఇవ్వాలి. తొమ్మిదిన్నరకల్లా బడికి చేరి పిల్లలకి సోషల్ పాఠం చెప్పుకోవాలి. శనివారానికి యాభై పుస్తకాలు చేతికొస్తాయి. ఇంత నున్నగా ఉన్న పథకాన్ని చూసి అనుమానపడాల్సింది, ఆమె పడలేదు.

పుస్తకం ఆమెదే. పదిహేడేళ్ల కిందట కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఫ్లోరా ఒక బ్లాగు మొదలుపెట్టింది. దాని పేరు 'పులికాట్ కోడలు'. ఐదేళ్లు విడవకుండా రాసింది. తర్వాత ఉద్యోగం వచ్చింది, కూతురు పుట్టింది, బ్లాగు మూలపడింది. ఈ వేసవి సెలవుల్లో ఎందుకో మనసు పుట్టి పాత టపాలన్నీ ఏరడానికి కూర్చుంటే, పాస్‌వర్డు గుర్తు రావడానికే మూడు వారాలు పట్టింది. పెళ్లి తేదీ కాదు, మొగుడి పేరు కాదు. కూతురి పేరు అసలే కాదు, అప్పటికి ఆ పిల్ల పుట్టలేదు. చివరికి ఒకరోజు చేపలు కడుగుతుంటే తట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో పులి, దాని పక్కన ఇంటి నంబరు.

పులి అంటే ఎవరో కాదు, అత్తగారు.

సామ్రాజ్యమ్మ గురించి చెప్పాలంటే లేచి నిలబడి చెప్పాలి. ముప్పై ఆరేళ్లు నర్సమ్మగా పనిచేసిన మనిషి. సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవికి పోలియో చుక్కలు తీసుకెళ్లే పని ఎవరికి వేసినా వాళ్లకి ఆ రోజే జ్వరం వచ్చేది. ఈమె మాత్రం టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని, గొడుగు తనకి కాకుండా పెట్టెకి పట్టి, పడవలో కూర్చునేది. ఒకసారి ఆ పడవలోనే ఒక తల్లికి కాన్పు చేసింది. రక్తం చూసి పడవ నడిపేవాడు కళ్లు తిరిగి పడిపోతే, వాడి ముఖాన నీళ్లు కొట్టి లేపి, "పడిపోయేది ఒడ్డుకు పోయినాక పడిపోరా" అన్నదట. బిడ్డ బతికింది, తల్లి బతికింది, వాడూ బతికాడు.

అలాంటి మనిషి ఇంట్లోకి కోడలిగా వచ్చిన మొదటి వారంలో ఇరవై నాలుగేళ్ల ఫ్లోరా రాసుకున్న మొదటి టపా ఇది: 'పులికాట్ సరస్సుకి ఆ పేరెందుకు వచ్చిందో ఈ ఇంట్లో కాలు పెట్టాక తెలిసింది. ఈ రోజు పులి నాతో రెండు మాటలు మాట్లాడింది. ఒకటి, ఉప్పు. రెండు, ఎక్కువ.'

ఇప్పుడు వరసగా చదువుకుంటే ఫ్లోరాకే ఆశ్చర్యమేసింది. మొదటి ఏడాది పులిని చూసి తలుపు వెనక నక్కిన పిల్ల, మూడో ఏడాదికి పులి వెనక పడవెక్కింది. ఐదో ఏడాది వచ్చేసరికి ప్రతి టపా ఆమె మీదే, ఆమె తెగువ మీదే. ఇంత ప్రేమ తన వేళ్లలోంచి ఎప్పుడు కారిందో తనకే తెలియలేదు. ఇది ఆమె చేతిలో పెట్టాల్సిన పుస్తకం అనిపించింది. శనివారం సామ్రాజ్యమ్మకి డెబ్బై నిండుతాయి, ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. ఇంతకంటే మంచి రోజు దొరకదు.

ఒక్కటే చిక్కు, ఆ పులి. తల్లికంటే ఎక్కువగా చూసుకున్న అత్తని ఐదేళ్ల పాటు లోకమంతా చదివేలా పులి, పులి అని రాసినట్టు నలుగురి ముందు బయటపడితే ఆమె మనసు విరుగుతుంది. సామ్రాజ్యమ్మ కోపాన్ని ఫ్లోరా పదిహేడేళ్లుగా చూస్తోంది, దానికేం భయం లేదు. ఆమె నొచ్చుకోవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. చూడాలనీ లేదు.

"పుస్తకం వద్దులే, చీర తీసుకుందాం" అన్నాడు భర్త సుశీల్ కుమార్. ఆయన కరెంటు సబ్‌స్టేషన్లో పని చేస్తాడు. ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో తెలిసిన మనిషి. ఫ్లోరా వినలేదు.

"మాల్యాద్రన్నా, దీంట్లో పులి అనే మాట యాడున్నా అత్తగారు అని మార్చాల" అని చెప్పింది షాపులో.

"ఎన్ని చోట్ల ఉండాది మేడం?"

"నాలుగొందల పైనే ఉంటాది."

మాల్యాద్రి జాలిగా నవ్వాడు. "నాలుగొందలైనా నాలుగువేలైనా నాకు ఒక్క నొక్కు మేడం. మీరు నింపాదిగా బడికి పోండి."

మాల్యాద్రి ఒక్క నొక్కు గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. పోయిన మాఘంలో శివ అనే పెళ్లికొడుకు శుభలేఖని ఆదెయ్య అనే ఇంకో పెళ్లికొడుక్కి వాడుకుంటూ, పేరు మార్చడానికి ఇలాగే ఒక్క నొక్కు నొక్కాడు. పెళ్లి ఆదెయ్యరాత్రి మరునాడని అచ్చయింది. ఈ ముచ్చట నాయుడుపేటలో తెలియనివాళ్లు లేరు. ఫ్లోరాది సూళ్లూరుపేట.

సాయంత్రం నాలుగున్నరకి మాల్యాద్రి ఒక నమూనా కాపీ చేతిలో పెట్టాడు. అట్ట మీద నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగోల ఫోటో ముచ్చటగా ఉంది. దాని కింద పెద్ద అక్షరాల్లో పేరు ఉంది. 'అత్తగారుకాట్ కోడలు'.

"అన్నా, ఇదేంది?"

"మీరు చెప్పిందే మేడం. పులి ఉన్న చోటంతా అత్తగారు."

ఫ్లోరా గబగబా లోపల తిప్పింది. 'ఆదివారం ప్రార్థన తర్వాత అందరికీ అత్తగారుహోర పంచారు.' ఇంకో పేజీ తిప్పింది. 'ఎండాకాలం పిండి బయట పెడితే అత్తగారుసిపోదా మరి.' మరో చోట, 'మెడ మీద అత్తగారుపిరి లేస్తే గుర్రపు వెంట్రుక కట్టి ఊడబెరకాలని పక్కింటామె సలహా.' ఇంకో చోట ఎవరిదో పెళ్లిలో పెళ్లికూతురి ముఖానికి పావుకిలో పౌడరు అత్తగారుమారు.

ఆమె జూ టపా వెతికింది. కుటుంబమంతా తిరుపతి వెళ్లినప్పటి సంగతి అది. 'జూలో పెద్దఅత్తగారుని చూసి పిల్లలు కేకలు పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి బోనులోకి ఐదు కిలోల మాంసం విసిరారు. అత్తగారు వాసన చూసి అటు తిరిగి పడుకుంది.'

ఫ్లోరా అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

"ఏమైంది మేడం? చదివితే బాగానే ఉండాదే" అన్నాడు మాల్యాద్రి.

"ముందు దీన్ని ఎట్లుండేదాన్ని అట్ల చెయ్యన్నా. నేను ఈ కాపీ మీద ఏ పులి మారాలో, ఏ పులి ఉండాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకొని శుక్రవారం తెస్తా. అప్పుడు ఒక్కొక్కటీ చేత్తో మార్చు."

"ఎట్లుండేదాన్ని అట్ల చేసేది ఎంత పని, ఒక్క నొక్కు" అన్నాడు.

అసలు ఫైలు ఎక్కడో భద్రంగా ఉందని ఆమె అనుకుంది. అది లేదు. మాల్యాద్రి మార్పంతా దాని మీదే చేసి దాచేశాడు. అందుకని వెనక్కి తిప్పడం అంటే అతని లెక్కలో, అత్తగారు ఉన్న చోటల్లా పులి పెట్టడం. దాంతో పులికాట్ మళ్లీ పులికాట్ అయింది, పులిహోర పులిహోర అయింది. వాటితో పాటు, ఆ పుస్తకంలో మొదటినుంచీ అత్తగార్లుగానే ఉన్న అత్తగార్లంతా కూడా పులులైపోయారు. ఇది ఫ్లోరా చూడలేదు. అప్పటికే ఆమె సూళ్లూరుపేట బస్సులో కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది.

ఇల్లు చేరి బ్యాగు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. అందులో అత్తకి తెచ్చిన బీపీ మాత్రలున్నాయి, వాటి కిందే పుస్తకం ఉంది. మాత్రలు తీసుకోవడానికి బ్యాగు తెరిచింది సామ్రాజ్యమ్మే. ఆ సంగతి ఫ్లోరాకి మరుసటి రోజు పొద్దున గానీ తెలియలేదు, అదీ ఎవరూ చెప్పి కాదు.

గురువారం ఉదయం ఇంట్లో చప్పుడు లేదు. పాలవాడు అరగంట ఆలస్యంగా వచ్చినా సామ్రాజ్యమ్మ ఏమీ అనలేదు. కాఫీలో చక్కెర ఎక్కువైనా తాగేసింది. మనవరాలు తడికాళ్లతో హాల్లో నడిచినా చూస్తూ ఊరుకుంది.

"అమ్మ పొద్దున్నించి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. జ్వరమేమన్నా తగిలిందేమో చూడు" అన్నాడు సుశీల్ కుమార్ గుసగుసగా.

ఫ్లోరాకి అనుమానం వచ్చి బ్యాగులోంచి పుస్తకం తీసింది. ఒక పేజీ మూల మడిచి ఉంది. నూట పన్నెండో పేజీ, జూ టపా. బోను, ఐదు కిలోల మాంసం, అటు తిరిగి పడుకున్న అత్తగారు.

"చదివేసినట్టుండారు" అంది భర్తతో.

"చీర తీసుకుందామని చెప్పినానా లేదా" అన్నాడాయన.

అత్తని అడుగుదామని రెండుసార్లు గది దాకా వెళ్లింది. సామ్రాజ్యమ్మ కళ్లజోడు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఏం లేదులే మే, నువ్వు బడికి పో" అని మాత్రం అంది, మెత్తగా. ఆ మెత్తదనానికి ఫ్లోరా వెనక్కి తిరిగి వచ్చేసింది. తిడితే బాగుండును. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని పెన్సిలుతో గుర్తులు పెడుతుంటే కన్నీళ్లు పుస్తకం మీద పడ్డాయి. పక్క సీటామె ఓరగా చూసి అట్ట మీది పేరు చదువుకుని, అత్తగారి బాధలు కాబోలు అనుకుని ఆమె భుజం తట్టింది.

శుక్రవారం బడికి తనిఖీ వచ్చింది. ఐదింటి దాకా ఎవర్నీ కదలనివ్వరని తెలిసి, ఫ్లోరా వరండాలోకి వచ్చి మాల్యాద్రికి ఫోన్ చేసింది. గోడ అవతల హైవే.

"మాల్యాద్రన్నా, ఈ రోజు నాకు కుదరదు. నేనొచ్చేదాకా పులి జోలికి పోవద్దు."

సరిగ్గా 'నేనొచ్చేదాకా' దగ్గర ఒక లారీ హారన్ కొట్టింది. మాల్యాద్రికి వినిపించింది ఇది: ఈ రోజు నాకు కుదరదు, పులి జోలికి పోవద్దు. దాన్ని అతను శ్రద్ధగా అర్థం చేసుకున్నాడు. మేడం రాలేదు, పులిని అలాగే ఉంచమంటోంది, రేపే పుట్టినరోజు. సాయంత్రానికి యాభై కాపీలు అచ్చేసి, కుట్టించి, అంచులు కోయించాడు. మాల్యాద్రి పనిమంతుడు, అందులో అబద్ధం లేదు.

శనివారం నాటికి ఫ్లోరా పుస్తకం మీద ఆశ వదిలేసుకుంది. భర్త మాట ప్రకారం నీలిరంగు పట్టుచీర తెచ్చి పెట్టింది. సాయంత్రం షామియానా కింద కుర్చీలు నిండాయి. సామ్రాజ్యమ్మతో పనిచేసిన నర్సమ్మలు వచ్చారు. చర్చి సంఘమంతా వచ్చింది. హెబ్రోను చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. పక్కనే ఆయన భార్య పాస్టరమ్మగారు, ఆమె పక్కన ఆమె అత్తగారు పరంజ్యోతమ్మ కూర్చున్నారు. పరంజ్యోతమ్మకి ఎనభై దాటాయి. ఆమె గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు ఆ సంఘంలో లేరు. కుర్చీలో కూర్చున్నా సగం కుర్చీ ఇంకెవరికో వదిలిపెట్టినట్టు కూర్చుంటుంది.

అప్పుడు వచ్చాడు మాల్యాద్రి, స్కూటరు ముందు కట్ట పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"మేడం, లేటైందని ఏమనుకోవద్దండి" అంటూ, ఫ్లోరా అడ్డం వెళ్లేలోగా కట్ట విప్పి, మొదటి పుస్తకం పుట్టినరోజు మనిషి చేతిలో పెట్టి, మిగతావి వరసగా పంచుకుంటూ పోయాడు. ఫ్లోరా వెనకే నడిచింది గానీ యాభై కాపీలని ఎవరు మాత్రం లాక్కోగలరు.

సామ్రాజ్యమ్మ కళ్లజోడు పెట్టుకుంది. ఏ కాగితమైనా పైకి చదవడం ఆమెకి ఆస్పత్రి అలవాటు. మొదటి పేజీ తీసి, మొన్నే ఫ్లోరా ఎంతో ఆలోచించి రాసిన అంకితం నలుగురికీ వినబడేలా చదివింది.

"మా పులి శ్రీమతి సామ్రాజ్యం గారికి, డెబ్బయ్యో పుట్టినరోజున, ప్రేమతో."

సుశీల్ కుమార్ చీర ఉన్న కవరు వైపు చూశాడు.

"ఏమ్మే ఫ్లోరా, ఎవురు పులి?"

ఫ్లోరా ఇక దాచలేకపోయింది. "మీరే అత్తా. నేను కొత్తగా వచ్చినప్పుడు మీరంటే భయం. అందుకని అట్ల రాసుకున్నా. భయం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది. మీరు నొచ్చుకుంటారని మార్చబోతే ఇదంతా ఇట్లైంది. నన్ను క్షమించండి" అని ఏడ్చేసింది.

"మరి మొన్న నీ బ్యాగులో చూసిన దాంట్లో పులి లేదే."

"అది మార్చిన కాపీ అత్తా."

"అట్నా" అంది సామ్రాజ్యమ్మ. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "రెండ్రోజుల్నించి అదే నా బాధ. మొదటి పేజీ నుంచి చివర దాకా వెతికినా పులి యాడా లేదు. నేను ముసల్దాన్నైపోయినానని తీసేసినావేమో అనుకున్నా. నన్ను తీసేస్తే తీసేసినావు, జూలో ఉండేదాన్ని కూడా తీసేసినావే, అదేం చేసింది నిన్ను?"

ఫ్లోరా ఏడుపు మధ్యలో ఆగిపోయింది. "అత్తా, మీకు ముందే తెలుసా?"

"సుశీలూ, నా పెట్టెలో ఆకుపచ్చ ఫైలుంటాది, తే."

టీకాల రిజిస్టర్ల పక్కన ఇన్నేళ్లూ పడి ఉన్న ఫైలు అది. తెరిస్తే, తేదీల వరసలో, రంధ్రాలు చేసి దారం కట్టి, పులికాట్ కోడలు టపాలన్నీ ఉన్నాయి. ఆస్పత్రికి కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఆపరేటరు పిల్ల చూపించిందట, నర్సమ్మా, పడవలో కాన్పు చేసింది నువ్వే కదా అని. అప్పటినుంచి నెలనెలా ప్రింటు తీయించుకుంది. అక్కడక్కడా ఎర్రసిరాతో దిద్దుబాట్లు కూడా ఉన్నాయి. 'పులి అరిచింది' అని ఉన్న చోట పక్కన, 'అరవలేదు. గట్టిగా చెప్పినాను' అని రాసి, సంతకం పెట్టి ఉంది.

"నీ పుస్తకంలో నూట డెబ్బై నాలుగుండాయి. నా దగ్గర నూట తొంభై రెండుండాయి. పద్దెనిమిది నువ్వే పోగొట్టుకున్నావు" అంది సామ్రాజ్యమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "ముప్పై ఆరేండ్లు చేసినా మే. పై ఆఫీసరొచ్చి సంతకాలు చూసి పోయినారే గానీ, నేనేం చేసినానో ఎవురూ రాయలేదు. నువ్వు రాసినావు. అత్తగార్లు ఇంటికొకరుంటారు. పులిని నేనొక్కదాన్నే. నన్నడక్కుండా ఎట్ల మారుస్తావు?"

ఫ్లోరా వెళ్లి ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. సామ్రాజ్యమ్మ ఆ తల మీద చెయ్యి వేసి, "లేయ్, చీర నలుగుతాది" అంది. ఆ మాటకి అందరూ నవ్వారు. ఫ్లోరా కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. మాల్యాద్రి పకోడీ ప్లేటు పట్టుకుని, తాను చేసిన మేలుకి తానే మురిసిపోతూ నిలబడ్డాడు.

అప్పుడే ముందు వరసలోంచి ఒక సన్నని గొంతు వినిపించింది. పరంజ్యోతమ్మ పుస్తకాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఉంది. వేలు నలభై ఆరో పేజీ మీద ఉంది. "ఫ్లోరమ్మా, ఇది నా గురించేనా?"

ఫ్లోరా వంగి చూసింది. పదహారేళ్ల కిందట తాను రాసినది, 'పాస్టరమ్మగారి అత్తగారు ఎంత మెత్తని మనిషంటే, చీమ ఎదురొచ్చినా పక్కకి జరుగుతుంది' అని. ఇప్పుడు అక్కడ అచ్చయి ఉన్నది, 'పాస్టరమ్మగారి పులి ఎంత మెత్తని మనిషంటే.'

"తప్పు పడిందమ్మా, మాల్యాద్రన్న చేత దిద్దిస్తా" అంది ఫ్లోరా కంగారుగా, పాస్టరమ్మగారి వైపు చూడకుండా.

పరంజ్యోతమ్మ ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకుంది. పుస్తకం మూసి, పమిట కిందికి పెట్టుకుని, కుర్చీ నిండుగా జరిగి కూర్చుంది.

"దిద్దొద్దు" అంది. ఈసారి చివరి వరస దాకా వినిపించింది.

సోమవారం షాపు తెరవగానే మాల్యాద్రికి ఇంకో ఇరవై కాపీలు కావాలని, ఒక్క అక్షరం కూడా మార్చవద్దని ఫోన్ వచ్చింది. చేసింది పాస్టరమ్మగారి పులి.